మన ఒళ్లు మనకెంత తెలుసు?

పొద్దున ఆరింటికి వరంగల్‌లో భద్రకాళి బండ్ మీద వాకింగ్ చేసేవాళ్లలో ఎవరినైనా ఆపి, "అన్నా, నడిచేటప్పుడు నీ బరువు ఏ కాలి మీద ఎక్కువ పడుతది?" అని అడిగి చూడండి. ఎన్ని అడుగులు వేశారో వాచీ చూసి చెబుతారు, షుగర్ ఎంతకు దిగిందో చెబుతారు, ఈ ప్రశ్నకు మాత్రం నవ్వి ఊరుకుంటారు. టక్కున చెప్పగలిగేది మోకాలు నొప్పి ఉన్నవాళ్లే. నొప్పి పుడితే తప్ప మనకు ఒళ్లు గుర్తుకురాదు, వచ్చినా అప్పటికి చాలా ఆలస్యమై ఉంటుంది.

ఈ మధ్య ఈ విషయం మీద గోల ఎక్కువైంది. ఫోన్ తెరిస్తే మైండ్‌ఫుల్ మూవ్‌మెంట్ అంటారు, సోమాటిక్స్ అంటారు, రెండూ ఒంటిని గమనిస్తూ కదలడమే, మెల్లగా కదిలితే నిన్ను నువ్వు తెలుసుకుంటావు అంటారు, కొందరు ఇంకో అడుగు ముందుకేసి చిన్నప్పటి గాయాలన్నీ నడుములో దాక్కున్నాయి, మా కోర్సులో చేరితే వదిలిపోతాయి అంటారు. ఇది విన్నవాళ్లలో సగం మంది "అంతా బోగస్" అని కొట్టిపారేస్తారు, మిగతా సగం "ఇది మన యోగానే కదా, మళ్లీ ఇంగ్లిష్ పేరు పెట్టి మనకే అమ్ముతున్నరు" అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. కానీ అసలు సంగతి ఈ రెండింటి మధ్య ఇరుక్కుపోయింది, దాన్ని కొంచెం విడదీసి చూద్దాం.

ముందు శరీరం సంగతి. కళ్లు మూసుకుని చూపుడు వేలితో ముక్కు ముట్టుకోండి. ముట్టుకోగలిగారు కదా. చెయ్యి ఎక్కడుందో చూడకుండానే ఎలా తెలిసింది? కండరాల లోపల సన్నటి గ్రాహకాలు ఉంటాయి, కండరం ఎంత సాగిందో, ఎంత వేగంగా సాగుతోందో అవి ప్రతి క్షణం మెదడుకు చేరవేస్తూ ఉంటాయి. కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువుల్లో ఉండేవి లాగుడు ఎంతుందో చెబుతాయి, కీళ్లలోవి ఇంకొంత చెబుతాయి. ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ 1906లో, చూడకుండానే ఒళ్లు ఎక్కడుందో తెలిసే ఈ జ్ఞానానికి ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు, ఆయనకు తర్వాత 1932లో నోబెల్ కూడా వచ్చింది. చూపు, వినికిడి పోతే ఏమవుతుందో మనం ఊహించగలం. ఇది పోతే ఏమవుతుందో ఊహకు కూడా అందదు. 1971లో 19 ఏళ్ల ఇంగ్లండ్ యువకుడొకడికి ఓ జబ్బు చేసి మెడ కింద నుంచి ఈ జ్ఞానం, స్పర్శ మొత్తం పోయాయి. కండరాల్లో బలం అలాగే ఉంది, పక్షవాతం లేదు, అయినా లేచి కూర్చోలేకపోయాడు. చివరికి ప్రతి కదలికనూ కళ్లతో చూస్తూ, లెక్కగట్టుకుంటూ మళ్లీ నడవడం నేర్చుకున్నాడు. కరెంటు పోయి చీకటైతే మాత్రం కుప్పకూలిపోయేవాడు.

ఇంత సమాచారం నిమిషం ఆగకుండా పోతుంటే మరి ఏ కాలి మీద బరువు పడుతుందో మనకెందుకు తెలియడం లేదు? తెలియాల్సిన అవసరం లేదని మెదడు తీర్మానించుకుంది కాబట్టి. రోజూ ఒకేలా ఉండేదాన్ని అది పట్టించుకోదు. వేసుకున్న చొక్కా ఒంటికి తగులుతున్నట్టు ఇది చదివేదాకా మీకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. దానికి తోడు మెదడు ఒంట్లో అన్ని భాగాలకూ సమానంగా చోటు ఇవ్వదు. 1937లో కెనడా న్యూరోసర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్, తన సహచరుడితో కలిసి, మెదడు ఆపరేషన్లలో చేసిన పరిశీలనలను ప్రచురించాడు. చేతి వేళ్లకు, పెదాలకు, నాలుకకు మెదడు పైపొరలో పెద్ద పెద్ద జాగాలు ఉంటే, వీపు మొత్తానికి కలిపి దక్కింది కొంచెమే.

దీన్ని కళ్లారా చూడాలంటే జగిత్యాల వైపో నిజామాబాద్ వైపో బీడీలు చుట్టే ఇంటి అరుగు మీద కాసేపు కూర్చోండి. ఒళ్లో చాట, అందులో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. ఆకు తీయడం, చిటికెడు తంబాకు పరచడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం, ఇదంతా ఆ అత్తమ్మ టీవీ సీరియల్ చూసుకుంటూ చేస్తుంది. తంబాకు రవ్వంత ఎక్కువైనా ఆ వేళ్లకు తెలుస్తుంది. అదే అత్తమ్మను "నీ మెడ ఎట్లుంది?" అని అడగండి, "మంచిగనే కూసున్న కదా బిడ్డా" అంటుంది. పక్క నుంచి చూసేవాళ్లకు మాత్రం గదవ ఛాతీకి దగ్గరగా వంగి, భుజాలు చెవుల దాకా లేచి కనబడతాయి. ఆమె అబద్ధమేం చెప్పడం లేదు, ఆమెకు నిజంగానే అలా అనిపిస్తోంది. ఏళ్ల తరబడి అలాగే కూర్చుంది కాబట్టి ఆ వంపే ఇప్పుడు ఆమెకు తిన్నదనం. మీరు వెళ్లి ఆ మెడను పట్టుకుని నిజంగా తిన్నగా పెడితే, "వెనక్కి పడిపోతున్నట్టుంది" అంటుంది. హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఆమె కొడుకుదీ అదే కథ, తంబాకు వాసన ఒక్కటే తేడా.

అసలు చిక్కుముడి ఇదే. మనకు ఏది అలవాటో అదే సరైనదిగా అనిపిస్తుంది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 1869లో పుట్టిన ఎఫ్.ఎం. అలెగ్జాండర్ అనే నటుడికి ఇది అద్దంలో దొరికింది. స్టేజీ మీద గొంతు పోయేది, డాక్టర్లకు కారణం దొరకలేదు, దాంతో అద్దాలు పెట్టుకుని తాను మాట్లాడే తీరును నెలల తరబడి గమనించాడు. మాట మొదలుపెట్టగానే తలను వెనక్కి లాక్కుంటున్నాడు. సరే, ముందుకు పెడదామనుకున్నాడు, పెట్టాననే అనుకున్నాడు, అద్దంలో చూస్తే తల ఇంకా వెనక్కే పోతోంది. తన ఒళ్లు ఏం చేస్తోందో తనకు అనిపించేది ఒకటి, జరిగేది ఇంకొకటి. అందుకే "నిటారుగా కూర్చో" అని అమ్మ చెప్పినా, సార్ చెప్పినా, ఫోన్‌లో రిమైండర్ చెప్పినా రెండు నిమిషాల ముచ్చటే. అవతలి వాళ్లు తిన్నదనం అనేదాన్ని మన ఒళ్లు వంకర అనుకుంటున్నప్పుడు ఆ సలహా ఎక్కడ నిలబడుతుంది?

మరి అలవాటు వెనక దాక్కున్నదాన్ని పట్టుకునేదెలా? ఇక్కడే "మెల్లగా" అన్న మాటకు పని పడుతుంది. చాలామంది మెల్లగా చేయమంటే రిలాక్స్ అవ్వడం కోసమనో, ముసలివాళ్ల కోసమనో అనుకుంటారు. అసలు కారణం వేరే ఉంది, దాన్ని 19వ శతాబ్దంలోనే జర్మనీలో ఎర్న్‌స్ట్ వెబర్ బరువులు ఎత్తించి కనిపెట్టాడు. ఉన్న బరువు ఎంత ఎక్కువైతే, తేడా తెలియడానికి కలపాల్సిన బరువు కూడా అంత ఎక్కువ కావాలి. భుజాన 25 కిలోల బియ్యం బస్తా ఉన్నప్పుడు దాని మీద ఎవరైనా కొత్తిమీర కట్ట పెడితే మీకు తెలియదు, అదే కట్టను ఖాళీ అరచేతిలో పెడితే వెంటనే తెలుస్తుంది. కండరాల సంగతీ ఇంతే. పళ్లు బిగపట్టి, ఊపిరి బిగపట్టి నడుం వంచుతున్నప్పుడు, అందులో కుడివైపు కొంచెం ఎక్కువ పనిచేస్తోందన్న సన్నటి తేడా ఆ గోలలో వినబడదు. ప్రయత్నం తగ్గిస్తే వినబడుతుంది. తేడా తెలిస్తేనే ఇలా కాకుండా అలా కూడా చేయొచ్చన్న ఇంకో దారి కనబడుతుంది.

దీని మీద ఒక పూర్తి పద్ధతినే కట్టినవాడు మోషే ఫెల్డెన్‌క్రైస్. 1904లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని స్లావుటాలో పుట్టాడు, కుర్రవాడిగా పాలస్తీనా వెళ్లి కూలిపని చేశాడు, తర్వాత పారిస్‌లో ఇంజినీరింగ్, ఫిజిక్స్ చదివి ఫ్రెడెరిక్ జోలియో-క్యూరీ ల్యాబ్‌లో పనిచేశాడు. జూడోను కనిపెట్టిన జిగోరో కానోను అక్కడే కలిశాడు, బ్లాక్ బెల్ట్ సంపాదించాడు. ఫుట్‌బాల్‌లో దెబ్బతిన్న మోకాలు యుద్ధకాలంలో బ్రిటన్‌లో జలాంతర్గాములను పసిగట్టే పరిశోధనలో ఉండగా మళ్లీ తిరగబెట్టింది. ఆపరేషన్‌కు గ్యారంటీ లేదన్నారు. ఇంజినీర్ బుర్ర కదా, తన నడకనే ఒక యంత్రాన్ని విప్పి చూసినట్టు విప్పి చూసుకున్నాడు. తర్వాత టెల్ అవీవ్‌లో పాఠాలు మొదలుపెట్టాడు. నేల మీద పడుకోబెట్టి, చిన్న చిన్న కదలికలు చెప్పి, సరిగ్గా చేసి చూపించడం లాంటివేమీ లేకుండా, "ఇప్పుడు ఏం తేడా తెలిసింది?" అని అడగడం ఆయన తీరు. అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని డేవిడ్ బెన్‌గురియన్ డెబ్బై దాటాక సముద్రం ఒడ్డున శీర్షాసనం వేసిన ఫొటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది, ఆయనకు నేర్పింది ఈయనే. (నడుం నొప్పి ఉన్నవాళ్లు ఈ వాక్యం చదివి శీర్షాసనానికి దిగకండి.)

చెప్పింది చాలు, ఒకటి చేసి చూద్దాం. స్టూల్ మీద గానీ ప్లాస్టిక్ కుర్చీ అంచున గానీ కూర్చోండి, రెండు పాదాలూ నేలకు ఆనాలి. మెల్లగా కుడివైపు తిరగండి, హాయిగా ఎంతవరకు పోతే అంతవరకే, ఒక్క ఇంచు కూడా బలవంతం వద్దు. అక్కడ చూపు దేని మీద ఆగిందో గుర్తుపెట్టుకోండి, స్విచ్‌బోర్డు అంచో, క్యాలెండర్ మేకో. మళ్లీ ముందుకు రండి. ఇప్పుడు తల, భుజాలు కుడికి తిరుగుతుంటే కళ్లను మాత్రం ఎడమకు పోనివ్వండి. మొదటిసారి గజిబిజిగా ఉంటుంది. చాలామందికి ఇక్కడే ఊపిరి ఆగిపోతుంది, దవడ బిగుసుకుంటుంది, కాలి వేళ్లు ముడుచుకుంటాయి. కళ్లు తిప్పడానికి కాలి వేళ్లతో ఏం పనో ఆలోచించండి. కదలికను సగానికి తగ్గించి, ఊపిరి ఆడుతూనే ఉండేలా కొన్నిసార్లు చేయండి. కాసేపు ఊరికే కూర్చోండి. తర్వాత తల ఎదురుగానే ఉంచి భుజాలను మాత్రం కుడికి తిప్పండి, మళ్లీ అంతే మెల్లగా. తిరిగేటప్పుడు ఎడమ మోకాలు కుడి మోకాలి కంటే ఒక పిసరు ముందుకు జరగాలనుకుంటుంది, దాన్ని ఆపకండి. బరువు ఏ పిరుదు మీదికి పోతోందో చూడండి. చివరగా మొత్తం ఒళ్లు కలిపి, ఏమీ ఆలోచించకుండా, కుడికి తిరగండి. చూపు ఎక్కడ ఆగింది? చాలామందికి ఆ మేకు దాటిపోతుంది. ఎడమవైపు ఇంకా చేయలేదు కాబట్టి అటు తిరిగితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

ఆ కొద్దిసేపట్లో మీ కండరమేమీ పొడుగవ్వలేదు. కళ్లు కుడికి పోతే మెడ కండరాలు కూడా కుడికే సిద్ధమవుతాయి, ఆ రెండూ మామూలుగా జంటగానే పోతాయి. ఆ జంటను కాసేపు విడదీసేసరికి, పక్కటెముకలు, నడుం, తుంటి కూడా ఈ తిరగడంలో పాలుపంచుకోవచ్చని మెదడుకు గుర్తొచ్చింది. అంతకుముందు ఆ పనంతా మెడే మోసింది. ఇందులో కొంత భాగం వట్టి వార్మప్ వల్ల వచ్చిందే, పదిసార్లు ఏం చేసినా కొంచెం వదులవుతుంది, ఆ మాట దాచడంలో అర్థం లేదు. అయినా అసలు ఫలితం ఆ మేకు దాటడంలో లేదు. కళ్లు తిప్పబోతే దవడ బిగుసుకుంటుందని మీకు ఈ రోజు తెలిసింది కదా, అదే ఫలితం.

ఇప్పుడు "ఇది మన యోగానే కదా" అన్నవాళ్ల దగ్గరికి వద్దాం. పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి ఉన్నది చాలా తక్కువ. స్థిరసుఖమాసనమ్ అన్నాడు, అది అందరికీ నోటికొచ్చు. దాని వెంటనే ఉన్న సూత్రం ప్రయత్నశైథిల్యంతో మొదలవుతుంది, ప్రయత్నాన్ని సడలించాలంటుంది, దాన్ని మాత్రం ఎవరూ తలుచుకోరు. ఏటా జూన్ 21న గ్రౌండ్‌లో మైకు పెట్టి వన్, టూ, త్రీ అంటూ వందలమంది చేత ఒకేసారి వంగబెట్టేటప్పుడు, పక్కవాడి చెయ్యి బొటనవేలికి అందుతుంటే మనది మోకాలి దగ్గరే ఆగిపోయిందని సిగ్గుపడేటప్పుడు, ఆ రెండో సూత్రం ఎక్కడికి పోతుందో నాకైతే అర్థం కాదు. యోగాలో ఇది ఉంది. మన యోగా క్లాసుల్లో చాలావాటిలో లేదు. బౌద్ధుల సతిపట్ఠాన సూత్రంలోనైతే నడుస్తున్నప్పుడు నడుస్తున్నానని, చెయ్యి ముడుస్తున్నప్పుడు, చాపుతున్నప్పుడు ఆ ఎరుకతోనే చేయాలని స్పష్టంగా ఉంది. పెద్దపల్లి దగ్గర ధూళికట్ట స్తూపం చుట్టూ శాతవాహనుల కాలంలో తిరిగిన భిక్షువులకు ఇది కొత్త ముచ్చటై ఉండదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే బతుకమ్మ. సద్దుల నాడు హనుమకొండలో పద్మాక్షి గుట్ట కింద పెద్దవాళ్లు ఆడే వరుసను చూడండి, ఒక అడుగు పక్కకు, కొంచెం వంగడం, చప్పట్లు, మళ్లీ లేవడం. ముందున్నామె ఎంత వంగితే, వెనకామె ఎంత దూరంలో ఉంటే, దానికి తగ్గట్టు ప్రతి ఒక్కరూ తమ అడుగును సరిచేసుకుంటూ పోతారు. పాట మెల్లగా ఉంటేనే ఆ సరిచేసుకోవడానికి సందు దొరుకుతుంది. పక్కనే డీజే బాక్సులు పెట్టి ఆడే గుంపులో హుషారు ఉంటుంది, ఉండనివ్వండి, కానీ ఆ వేగంలో ఎవరి మోకాలు ఎవరికీ గుర్తుండదు, తెల్లారి మాత్రం అందరికీ గుర్తొస్తుంది.

ఇక పెద్ద ప్రశ్న: ఒంటిని గమనిస్తే మనల్ని మనం తెలుసుకున్నట్టేనా? ఇక్కడే అమ్మేవాళ్లు ఎక్కువ కలిపి చెబుతారు. భావాలకూ ఒంటికీ లంకె ఉందన్నది నిజం. గుండె దడ, కడుపులో తిప్పడం, ఛాతీ బిగువు, ఇవన్నీ లోపలి నుంచి మెదడుకు చేరే కబుర్లే, కోపమూ భయమూ మనకు తెలిసేది కొంతవరకు వాటి ద్వారా కూడా. చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఎవడో అడ్డంగా ఆటో పెట్టినప్పుడు నోటికి మాట రాకముందే చేతులు హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాయి. ఆ పట్టు తెలిసినవాడికి అరవాలా వద్దా అనుకోవడానికి ఒక క్షణం దొరుకుతుంది. తెలియనివాడు అరిచాక తెలుసుకుంటాడు. ఈ సాధన ఇచ్చేది ఆ క్షణాన్నే, అదేమీ చిన్న విషయం కాదు. కానీ ఆ ఆటోవాడి మీద అంత కోపం ఎందుకొచ్చిందో, ఇంట్లో ఎవరితో గొడవపడి బయల్దేరారో, ఉద్యోగం మారాలో వద్దో మీ భుజం చెప్పదు. దానికి ఆలోచించాలి, ఎవరితోనైనా మాట్లాడాలి.

ఇంకో మెలిక ఉంది. నాకు నా ఒళ్లు బాగా తెలుసు అనుకోవడం వేరు, తెలియడం వేరు. జర్మనీ సైకాలజిస్ట్ రైనర్ షాండ్రి 1981లో ఒక పరీక్ష పెట్టాడు: నాడి పట్టుకోకుండా కూర్చుని, కొంతసేపట్లో గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టాలి. ఆ తర్వాత వచ్చిన పరిశోధనల్లో తేలింది ఏంటంటే, తమ మీద తమకు బాగా నమ్మకం ఉన్నవాళ్ల లెక్కే సరిగ్గా ఉంటుందని ఏమీ లేదు. టెన్షన్ మనుషుల సంగతి ఇంకా తిరకాసు. వాళ్లు ఒంటిని గమనించకపోవడం అన్న సమస్యే లేదు, గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంటే చాలు, గూగుల్ తెరుస్తారు. అలాంటివాళ్లకు "ఇంకా లోపలికి చూడు" అని చెప్పడం మంటలో కిరోసిన్ పోయడమే. గమనించడానికీ కాపలా కాయడానికీ తేడా ఎలా తెలుస్తుందంటే, గమనిస్తున్నప్పుడు ఊపిరి కొంచెం తేలికవుతుంది, కాపలా కాస్తున్నప్పుడు బిగుస్తుంది. బిగుస్తుంటే కళ్లు తెరవండి, కిటికీ బయటకు చూడండి, లేచి బయట నడవండి. పెద్ద షాకులు, హింస అనుభవించినవాళ్లు దీన్ని ఒంటరిగా వీడియోలు చూసి చేయడం కంటే తెలిసిన డాక్టర్ సాయంతో చేయడం మంచిది.

రుజువుల మాటకొస్తే, అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. అద్దంలో తన తలను గమనించుకున్న ఆ అలెగ్జాండర్ తర్వాత నేర్పిన పద్ధతి మీద బ్రిటన్‌లో 579 మంది నడుం నొప్పివాళ్లతో చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2008లో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజేలో వచ్చాయి. ఏడాది తర్వాత చూస్తే, మామూలు వైద్యం పొందినవాళ్లకు నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పి ఉంటే, 24 పాఠాలు నేర్చుకున్నవాళ్లకు అది 18 రోజులు తగ్గి మూడు రోజులకు దిగింది. చైనావాళ్ల మెల్లని కదలికల సాధన తాయ్ చీ పార్కిన్సన్స్ రోగుల్లో నిలకడను పెంచిందని 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఫెల్డెన్‌క్రైస్ పద్ధతి మీద 2015లో 20 ట్రయల్స్‌ను కలిపి చూసిన సమీక్ష, పడిపోకుండా నిలదొక్కుకోవడంలో పెద్దవయసువాళ్లకు ఉపయోగం కనబడుతోందని చెబుతూనే, చాలా ట్రయల్స్ నాణ్యత అంతంత మాత్రమే అంది. అదే ఏడాది ఆస్ట్రేలియా ప్రభుత్వ సమీక్ష ఇలాంటి చికిత్సలు చాలావాటికి గట్టి రుజువు లేదని తేల్చింది, 2019లో ఫెల్డెన్‌క్రైస్, అలెగ్జాండర్, తాయ్ చీ, యోగాలకు కూడా అక్కడ ప్రైవేట్ ఇన్సూరెన్స్ సబ్సిడీ ఆపేశారు. వీటన్నిటినీ ఎదురుగా పెట్టుకుని చూస్తే నాకు అనిపించేది ఇది: నిలకడకు, కొన్నిరకాల నడుం, మెడ నొప్పులకు ఇది చేయదగ్గ పనే. ఒత్తిడి తగ్గినట్టు అనిపిస్తే సంతోషం. షుగర్, థైరాయిడ్, డిప్రెషన్ నయమవుతాయని ఎవరైనా అంటే చెప్పులు వేసుకుని బయటకు వచ్చేయండి.

వేలు పోసి కోర్సులో చేరాల్సిన పని లేదు, రోజూ ఎలాగూ చేసే పనుల్లో ఒకదాన్ని ఎంచుకుంటే చాలు. కింద కూర్చుని లేచేవాళ్లయితే అదే తీసుకోండి. చాప మీద నుంచి లేచేటప్పుడు ఏ చెయ్యి ముందు నేలకు ఆనుతోంది, ఊపిరి ఎక్కడ ఆగుతోంది, "అమ్మా" అన్న మూలుగు నిజంగా నొప్పికి వస్తోందా, అలవాటుకు వస్తోందా? ఒకసారి రెండో చేత్తో లేచి చూడండి. ఊడ్చేటప్పుడు చీపురు చెయ్యి మార్చి చూడండి. కాజీపేట స్టేషన్‌లో రైలు లేటైతే ప్లాట్‌ఫాం మీద నిలబడి, బరువును మడమల నుంచి వేళ్లకు, మళ్లీ వెనక్కి, పక్కవాళ్లకు కూడా తెలియనంత చిన్నగా జరుపుతూ ఉండండి.

కొన్ని చోట్ల గమనిస్తూ కూర్చోవడం అసలు పనికిరాదు. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా, పడ్డ తర్వాత నొప్పి మొదలైనా, నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉన్నా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పోవాలి. మెడ తిప్పితే కళ్లు తిరిగేవాళ్లు పైన చెప్పిన కుర్చీ ప్రయోగం చేయకండి.

చేసినవాళ్లలో కొందరు "నాకేం తెలియలేదు" అంటారు. వాళ్లు ఎక్కువగా చేసి ఉంటారు, లేదా తొందరగా చేసి ఉంటారు. కదలికను సగం చేయండి, అప్పటికీ తెలియకపోతే ఆ సగంలో సగం. ఇంకొందరు పడుకుని చేస్తుంటే మధ్యలోనే గుర్రుపెడతారు, వాళ్లకు ముందు కావాల్సింది నిద్రే, పడుకోనివ్వండి.